నల్లగుడ్డ కింద... అరకులోయ!

దృశ్యం తలకిందులుగా కనిపిస్తుంది. ఒక్క ఫొటోకి పావుగంట పడుతుంది. వీపుమీద పది కిలోల మోత. రోజంతా తిరిగితే వచ్చేది పది పన్నెండు ఫొటోలే. సెల్‌ఫోనుతో ఒక్క పూటలో ఐదొందల ఫొటోలు తీసే ఈ కాలంలో ఇంత అవస్థ ఎవరు పడతారు? పడేవాళ్లున్నారు! పెద్ద ఫిల్ము, చెక్క కెమెరా, నల్లగుడ్డ... ఈ పాత పద్ధతిని ఇష్టంగా పట్టుకున్నవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. అలాంటి కెమెరాతో అరకులోయకి బయల్దేరితే సంచిలో ఏం పెట్టుకోవాలి, ఏం వదిలెయ్యాలి? ఆ లెక్క వేసుకుంటూ వెళితే తూర్పు కనుమలే కొత్తగా కనిపిస్తాయి.

స్కూల్లో గ్రూప్ ఫొటో దిగిన రోజు పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్ల స్టాండు మీద చెక్కపెట్టె, దానికి కొలిమితిత్తిలా మడతలు మడతలుగా సాగే తోలు, ముందు ఒక కన్ను. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి ఎంతసేపటికీ బయటికి వచ్చేవాడు కాదు. వ్యూ కెమెరా అంటే అదే. లోపల అద్దాల్లేవు, బ్యాటరీ లేదు. ముందు లెన్సు, వెనక పాలగాజు పలక, మధ్యలో వెలుతురు చొరబడని బెల్లోస్. అంతే. పలకమీద బొమ్మ తలకిందులుగా పడుతుంది. దాన్ని భూతద్దంలాంటి లూప్‌తో చూసి ఫోకస్ సరిచేసి, పలక స్థానంలో ఫిల్ము దూర్చి, లెన్సు తెరిచి మూస్తారు.

మరి ఎందుకీ అభిమానం? మొదటి కారణం ఫిల్ము సైజు. మామూలు ఫిల్ము కెమెరాలో ఒక్కో ఫొటో 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. పెద్ద కెమెరాల్లో అన్నిటికన్నా చిన్న సైజే 4×5 అంగుళాలు! విస్తీర్ణంలో దాదాపు 13 రెట్లు. 8×10 అంగుళాలదైతే దానికి మరో నాలుగింతలు. ఆ ఫిల్ముమీద పడిన కొండని గోడంత పెద్దది చేసినా చెట్టుకి చెట్టు విడిగా కనిపిస్తుంది. రెండో కారణం... ఈ కెమెరాలో లెన్సునీ ఫిల్మునీ దేనికదే పైకీ కిందకీ జరపొచ్చు, వంచొచ్చు. ఆ ఒంపుల ఉపయోగం ఏంటో అరకు దారిలోనే తెలుస్తుంది.

కూలీల మీద వెళ్లిన కెమెరా

కొండలెక్కే ఫొటోగ్రాఫర్లకి బరువు బాధ మొదట్నుంచీ ఉన్నదే. 1863లో మనదేశానికి వచ్చిన శామ్యూల్ బోర్న్ అనే ఆంగ్లేయుడు 1866లోగా మూడుసార్లు హిమాలయాలకి వెళ్లాడు. అప్పట్లో గాజుపలక మీద రసాయనం పూసి, అది తడారకముందే ఫొటో తీసి, అక్కడే కడగాలి. అంటే కెమెరాతోపాటు గాజుపలకలూ రసాయనాల సీసాలూ డేరా... మొత్తం చీకటిగదే కొండెక్కాలి! అందుకు పదుల సంఖ్యలో కూలీలు. 1866లో అతను 18,600 అడుగుల ఎత్తున్న మణిరంగ్ కనుమ దగ్గర కూడా ఫొటోలు తీశాడు.

మన హైదరాబాద్‌కే వస్తే రాజా దీన్‌దయాళ్. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు. కోటలూ దర్బార్లూ వేటలూ అన్నీ ఆయన గాజుపలకల మీదికి ఎక్కాయి. వాటిలో 2,857 పలకలు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఆయన చనిపోయింది 1905లో. శతాబ్దం దాటినా ఆ పలకల్లో తలపాగా మడతలు లెక్కపెట్టొచ్చు.

ఇలాంటి కెమెరాలు మనదేశంలోనూ తయారయ్యాయి. కేరళలోని అలప్పుళలో హార్మోనియంలాంటి వాయిద్యాలు బాగుచేసే కుటుంబానికి చెందిన కరుణాకరన్ 1940ల్లో 'వాగీశ్వరి' పేరుతో చెక్క కెమెరాలు చేయడం మొదలుపెట్టారు. హార్మోనియం తిత్తి మడతలు తెలిసిన చేతికి కెమెరా బెల్లోస్ ఓ లెక్కా! టేకు చెక్క, ఇత్తడి అమరికలతో చేసిన ఆ కెమెరాలు ఎన్నో స్టూడియోల్లో దశాబ్దాలపాటు పనిచేశాయి. పాత స్టూడియోల అటకలమీద ఇప్పటికీ అలాంటివి కనిపిస్తుంటాయి. బెల్లోస్‌కి చిల్లులు లేకుండా, చెక్క ఉబ్బకుండా ఉంటే ఇప్పుడూ వాడుకోవచ్చు. చీకటిగదిలో బెల్లోస్ లోపల టార్చిలైటు పెట్టి చూస్తే ఎక్కడ చిల్లుందో ఇట్టే తెలిసిపోతుంది.

రైలెక్కే ముందే తేల్చుకోవాలి

విశాఖపట్నం నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట మీదుగా ఘాట్‌రోడ్డులో వెళ్లొచ్చు. కొత్తవలస-కిరండూల్ మార్గంలో పొద్దున్నే బయల్దేరే రైల్లోనూ వెళ్లొచ్చు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకి చేర్చేందుకు 1960ల్లో వేసిన లైను ఇది. దారిలో యాభైకి పైగా సొరంగాలు. 2017లో అద్దాల విస్టాడోమ్ బోగీ వచ్చాక ఈ ప్రయాణమే ఒక యాత్ర అయిపోయింది. రైల్లోంచి మాత్రం పెద్ద కెమెరాతో ఫొటో తీయడం కుదరని పని. కదిలే చోట దానికి చోటు లేదు. దిగాలి, నడవాలి. ఏ కెమెరా కొనాలో అక్కడే తేలుతుంది.

ఈ కెమెరాల్లో ప్రధానంగా రెండు రకాలు. ఒకటి మోనోరైలు. ఒకే కడ్డీ మీద ముందూ వెనకా భాగాలు జరుగుతాయి. ఎంత కావాలంటే అంత వంచొచ్చు. కానీ బరువు నాలుగైదు కిలోలు ఉంటుంది, సంచిలో ఒక పట్టాన ఇమడదు. స్టూడియోకీ కట్టడాల ఫొటోలకీ అది రాజు. రెండోది ఫీల్డు కెమెరా. పుస్తకంలా మడిచి మూసేయొచ్చు. లిన్‌హాఫ్ టెక్నికాలాంటి లోహపు కెమెరాలు గట్టివే, కానీ రెండున్నర కిలోలు దాటతాయి. చెక్కతో చేసినవి కిలోన్నర అటూ ఇటూ. చైనాలో తయారయ్యే షమోనీ, 2014లో బ్రిటన్‌లోని బ్రైటన్‌లో పుట్టిన ఇంట్రెపిడ్‌లాంటివి ఈ కోవలోవే. కొండల్లో నడిచేవారికి తేలిక కెమెరాయే మేలు. కిలో బరువు తగ్గితే మరో మలుపు వరకూ నడవొచ్చు. చాలాసార్లు మంచి ఫొటో ఉండేది ఆ మలుపు తర్వాతే!

అన్నట్టు, విమానంలో విశాఖ వచ్చేవాళ్లు ఫిల్ముని పెద్ద సామానులో వేయకూడదు. ఆ సామానుని తనిఖీచేసే ఎక్స్-రే కిరణాలు ఫిల్ముని పాడుచేస్తాయి. చేతిసంచిలో పెట్టుకుని, యంత్రంలో వేయకుండా చేత్తో చూడమని సిబ్బందిని అడగాలి. 

కాఫీతోటలో ఒక సెకను

అనంతగిరి చేరేసరికి దారికి రెండువైపులా కాఫీతోటలు మొదలవుతాయి. నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు నిటారుగా ఆకాశంలోకి వెళ్తుంటాయి. వాటిని చుట్టుకుని మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లటి పూలు. నవంబరు నుంచి ఎర్రటి పండ్లు. 'అరకు వ్యాలీ అరబికా'కి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు చిన్నచిన్న కమతాల్లో పండించే కాఫీ ఇది.

ఇక్కడ మామూలు కెమెరాని పైకెత్తితే చెట్లన్నీ లోపలికి వాలినట్టు, మొదలు లావుగా చివర సన్నగా వస్తాయి. వ్యూ కెమెరాలో పైకెత్తాల్సిన పనిలేదు. కెమెరాని నిటారుగానే ఉంచి లెన్సుని మాత్రం రెండు మూడు సెంటీమీటర్లు పైకి జరిపితే చాలు. చెట్టు కొస వరకూ ఫ్రేములోకి వస్తుంది, కాండం కొలబద్ద పెట్టి గీసినట్టు నిలబడుతుంది. ఇందుకోసం లెన్సు కొనేటప్పుడే ఒకటి చూసుకోవాలి. 4×5 ఫిల్ముని మూల నుంచి మూలకి కప్పడానికి దాదాపు 153 మిల్లీమీటర్ల వెలుగు వలయం కావాలి. లెన్సు సరిగ్గా అంతే ఇస్తే జరపడానికి చోటుండదు, మూలలు నల్లబడతాయి. రెండొందల మిల్లీమీటర్లు దాటి వలయమిచ్చే లెన్సు అయితే బేఫికర్.

ఇంకో సంగతి. చెట్లనీడలో వెలుతురు తక్కువ. ఐఎస్ఓ 100 ఫిల్ముతో, అంతా స్పష్టంగా రావడానికి లెన్సు రంధ్రాన్ని ఎఫ్22కి తగ్గిస్తే షట్టరు ఒక సెకను పాటు తెరిచి ఉంచాల్సి వస్తుంది. ఆ సెకనులో స్టాండు వెంట్రుకవాసి వణికినా ఫొటో పోయినట్టే. అందుకే అనుభవజ్ఞులు లెన్సులో పిసినారితనం చూపించినా స్టాండులో చూపించరు. పాతకాలపు చెక్క స్టాండు వణుకుని బాగా మింగేస్తుంది కానీ బరువెక్కువ. కార్బన్‌ఫైబరుది తేలిక, ఖరీదు ఎక్కువ. అల్యూమినియంది మధ్యస్థం, చలికాలం తెల్లారుజామున పట్టుకుంటే మాత్రం చేతులు కొంకర్లుపోతాయి. ఏదైనా సరే, మధ్య కడ్డీ పైకి లేపకుండానే ఛాతీ ఎత్తుకి రావాలి.

గాలికొండ పరీక్ష

పేరులోనే ఉంది... గాలికొండ! అనంతగిరి దాటాక రోడ్డు పక్కన ఆగి చూస్తే కొండల వరసలు ఒకదాని వెనక ఒకటి నీలంగా కరిగిపోతుంటాయి. ఇక్కడ బెల్లోస్ తెరచాపలా గాలిని పట్టేస్తుంది. అందుకే బెల్లోస్‌ని ఎక్కువ సాగదీయాల్సిన పొడవాటి లెన్సుని ఇలాంటిచోట పక్కన పెట్టడం మంచిది. స్టాండు కాళ్లు పొట్టిగా పెట్టుకుని, మధ్యలో రాళ్లసంచీ వేలాడదీసి, పెద్ద గొడుగు అడ్డం పట్టమని తోడొచ్చినవారిని అడగాలి. నల్లగుడ్డ అంచుల్లో నాలుగు బరువులు కుట్టించుకుంటే ఎగిరిపోదు. ఆ గుడ్డకి పైవైపు తెలుపు ఉంటే ఎండలో తల మాడదు.

నలుపు తెలుపు ఫిల్ముతో తీసేవారికి ఫిల్టర్లు ఆయుధాలు. దూరపు కొండలమీద ఉండే నీలిపొరని నారింజ ఫిల్టరు చాలావరకు తొలగిస్తుంది. అదే ఫిల్టరు మంచుని ఏమీ చేయలేదు! నీలిపొర గాలిలోని అతి చిన్న కణాల వల్ల వస్తుంది. వాటి దగ్గర చెదిరేది ఎక్కువగా నీలికాంతే కాబట్టి ఫిల్టరు దాన్ని ఆపగలదు. పొగమంచు నీటి బిందువులవి అంతకన్నా ఎంతో పెద్ద సైజు. అవి అన్ని రంగుల్నీ ఒకేలా చెదరగొడతాయి. మంచు విడిపోవాలంటే ఫిల్టరు చాలదు, ఓపిక కావాలి.

పసుపు తివాచీ మీద చిన్న ఒంపు

నవంబరు, డిసెంబరు నెలల్లో అరకు చుట్టుపక్కల పొలాలన్నీ వలిసె పూలతో పసుపు పరుచుకుంటాయి. నూనెగింజల కోసం వేసే పంట ఇది. కాళ్లముందున్న పువ్వు నుంచి అల్లంత దూరాన ఉన్న కొండ వరకూ అన్నీ స్పష్టంగా రావాలని ఎవరికైనా ఉంటుంది. మామూలుగా అయితే లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేయాలి. అప్పుడు షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచాలి. ఈలోగా గాలికి పువ్వు ఊగుతుంది, మసకబారుతుంది.

దీనికి విరుగుడు థియోడర్ షైంప్‌ఫ్లుగ్ అనే ఆస్ట్రియా సైనికాధికారి పేరుమీద ఉంది. లెన్సునీ ఫిల్మునీ సమాంతరంగా ఉంచకుండా ఒకదాన్ని కాస్త వంచితే, స్పష్టంగా కనిపించే తలం కూడా వంగుతుందన్న సూత్రాన్ని ఆయన 1904లో పేటెంట్ పత్రాల్లో వివరించాడు. లెన్సుని కొద్ది డిగ్రీలు ముందుకి వాలిస్తే ఆ తలం పొలం మీద దుప్పటిలా పరుచుకుంటుంది. పువ్వూ కొండా రెండూ స్పష్టం. రంధ్రాన్ని మరీ చిన్నది చేయక్కర్లేదు కాబట్టి షట్టరు తొందరగా మూసేయొచ్చు. అయితే పొలం మధ్యలో ఎత్తయిన చెట్టుంటే దాని తల మసకబారుతుంది. అందుకే చెట్టు లేని చోటు చూసుకోవాలి, లేదా ఒంపు తగ్గించాలి. గాలి లేవకముందే, పొద్దున్నే తీసేస్తే ఇంకా మంచిది.

వలిసె పొలాల్లో ఇంకో జాగ్రత్త కూడా అవసరం. సెల్ఫీల కోసం దిగినవాళ్ల కాళ్లకింద నలిగేది రైతు పంట. కొన్నిచోట్ల రైతులు పొలంలోకి రానిచ్చేందుకు కొద్దిగా డబ్బు తీసుకుంటారు. అడిగి, ఇచ్చి, గట్టుమీదే స్టాండు వేయడం మర్యాద. మూడు కాళ్ల స్టాండూ నల్లగుడ్డ కింద మనిషీ కలిస్తే ఆక్రమించే చోటు తక్కువేం కాదు! ఇక్కడ 300 మిల్లీమీటర్ల లెన్సు అక్కరకొస్తుంది. గట్టు దిగకుండానే దూరంగా ఉన్న పూలమడినీ దాని వెనక కొండనీ దగ్గరికి లాగొచ్చు.

గుహలో లెక్కలు, చలిలో తంటాలు

బొర్రా గుహల్లో సమస్య వేరు. సున్నపురాయిని నీరు యుగాల తరబడి కరిగించి మలిచిన ఆకారాలవి. వెలుతురు అంతంతమాత్రం. స్టాండు వేసుకోవచ్చేమో ముందే అడగాలి. వేసినా, మీటరు చెప్పింది నమ్మి షట్టరు మూసేస్తే ఫొటో నల్లగా వస్తుంది. ఎందుకంటే ఎక్కువసేపు వెలుతురు పడేకొద్దీ ఫిల్ము మందగిస్తుంది. ఉదాహరణకి ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ ఫిల్ముకి మీటరు 10 సెకన్లు చెబితే దాదాపు 20 సెకన్లు ఇవ్వాలి. దగ్గరి వస్తువు తీసేటప్పుడు మరో లెక్క. 150 మిల్లీమీటర్ల లెన్సుకి బెల్లోస్‌ని 300 మిల్లీమీటర్లు సాగదీస్తే నాలుగింతల వెలుతురు కావాలి. అందుకే సంచిలో చిన్న టేపూ ఒక నోటుపుస్తకం ఉండటం, ఖరీదైన లెన్సు ఉండటమంత ముఖ్యం.

ఇక చలికాలం. చింతపల్లి మండలంలోని లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి పడిపోతుంటుంది. ఆ ఊరికి కొర్రబయలు అనే పేరూ ఉంది. బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరు. పాడేరు దగ్గర వంజంగి కొండెక్కితే కాళ్లకింద మేఘాల సముద్రం. ఇలాంటిచోట నల్లగుడ్డ కింద దూరి ఊపిరి వదిలితే పాలగాజు మీద ఆవిరి పట్టి బొమ్మే కనిపించదు! ఊపిరిని కిందికి వదలడం, పొడిగుడ్డ దగ్గర ఉంచుకోవడం తప్ప మార్గంలేదు. చలిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చాక సంచిని వెంటనే తెరవకూడదు. లోపలి సామాను గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే లెన్సంతా తడే. వానాకాలం జలపాతాలకోసం వెళ్లేవాళ్లయితే సిలికాజెల్ పొట్లాలు తప్పనిసరి. తేమ తగిలిన లెన్సులో బూజు పడితే తీయడం చాలా కష్టం.

పన్నెండు ఫొటోల బడ్జెట్

ఫిల్ముని చీకట్లో పెట్టి మూసే చట్రాన్ని హోల్డరు అంటారు. ఒక్కోదానిలో రెండు ఫిల్ములు. ఆరు హోల్డర్లు పట్టుకెళ్తే రోజుకి పన్నెండు ఫొటోలు. రాత్రి హోటలు గదిలో, చేతులు దూర్చే నల్లసంచీలో మళ్లీ నింపుకోవాలి. ఘాట్‌రోడ్డు ఎర్రదుమ్ము ఒక్క రేణువు లోపల చేరినా ఆకాశంలో నల్లమచ్చ కనిపిస్తుంది. కాబట్టి హోల్డర్లన్నీ జిప్ కవర్లలో ఉండాలి.

ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ ఒకప్పుడు 'ఇందు' పేరుతో దేశానికి ఫిల్ములు అందించేది. ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు పెద్ద ఫిల్ములన్నీ దిగుమతి సరుకే. ఒక్కో ఫొటో ఖర్చు వందల రూపాయల్లో ఉంటుంది. అందుకే కొత్తగా నేర్చుకునేవాళ్లలో కొందరు ఆస్పత్రుల్లో వాడే ఎక్స్-రే ఫిల్ముని కత్తిరించి సాధన చేస్తుంటారు. దానికి ఎరుపు రంగు కనిపించదు కాబట్టి ఎర్రలైటు వెలుగులోనే కడుక్కోవచ్చు. కాకపోతే అరకు ఎర్రమట్టి అందులో బొగ్గులా వస్తుంది! మామూలు నలుపు తెలుపు ఫిల్ముని కూడా ఇంట్లోనే కడుక్కోవచ్చు. రసాయనాలు 20 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర ఉండాలి. విశాఖ కుళాయినీటి వేడికి ఐసు ముక్కలు తోడుండాల్సిందే.

లెక్కపెట్టుకుని వాడటం ఎంత అవసరమో ఆన్సెల్ ఆడమ్స్ కథ చెబుతుంది. 1927 ఏప్రిల్లో ఈ అమెరికన్ ఫొటోగ్రాఫరు యోసెమిటీ కొండల్లో హాఫ్‌డోమ్ అనే శిఖరాన్ని తీయడానికి పన్నెండు గాజుపలకలతో బయల్దేరాడు. అసలు చోటుకి చేరేసరికి మిగిలినవి రెండే. ఒకటి పసుపు ఫిల్టరుతో తీశాడు. ఆకాశం తాననుకున్నంత గంభీరంగా రాదనిపించి, చివరి పలకని ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశాడు. అతనికి పేరు తెచ్చిన ఫొటోల్లో అదొకటి. కొండదారిలో కనిపించిన ప్రతిదానికీ పలక ఖర్చుపెట్టి ఉంటే? తిరుగుదారికి ఒక్క ఫిల్మయినా దాచుకోవాలన్న నియమం అలాంటి అనుభవాల్లోంచి పుట్టిందే.

మనిషి ముందు కెమెరా పెడితే...

అరకు అంటే కొండలే కాదు. బగతలు, కొండదొరలు, కోటియాలు, పోర్జాలు, గదబలు, కోందులు... ఎన్నో తెగల ఇల్లు ఇది. సంతరోజున కొండలన్నీ కిందికి దిగొచ్చినట్టే ఉంటుంది. అందుకే కెమెరా పట్టుకొచ్చినవారి చూపు మనుషులమీదికి మళ్లడం సహజం. ఇక్కడే అసలు పరీక్ష.

ఈ పెద్ద కెమెరాకి ఒక పాత చరిత్ర ఉంది. 1885 నుంచి 1908 వరకు మద్రాసు మ్యూజియం అధికారిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్, కె.రంగాచారితో కలిసి దక్షిణదేశపు కులాలూ తెగల మీద 1909లో ఏడు సంపుటాలు వెలువరించాడు. అందులో ఈ కొండల గదబలూ పోర్జాల గురించీ ఉంది. మనుషుల తలలూ ముక్కులూ కొలబద్దలతో కొలిచిన కాలమది. కెమెరా కూడా ఆ కొలబద్దల్లో ఒకటి. ఫొటోల కింద తెగ పేరు కనిపిస్తుంది. మనిషి పేరు చాలావాటికి ఉండదు. ఆ ఫొటో తమకు ఇష్టమో కాదో వాళ్లని అడిగిన దాఖలా ఆ పేజీల్లో కనిపించదు.

ఇప్పుడు కొలబద్ద పోయి సెల్‌ఫోను వచ్చింది. థింసా ఆడే మహిళల్నీ, సంతలో దుంపలమ్మే అవ్వనీ అడగకుండా తీసి వెళ్లిపోయేవారికి లెక్కలేదు. చిత్రంగా, ఇంత బరువైన పెద్ద కెమెరా ఈ విషయంలో మంచి గురువు. దానితో దొంగచాటుగా ఫొటో తీయడం దాదాపు అసాధ్యం! స్టాండు వేయాలి, గుడ్డ కప్పుకోవాలి, ఫోకస్ చేయాలి. మబ్బుపట్టిన రోజున ఐఎస్ఓ 400 ఫిల్ముతో కూడా ఎఫ్22 దగ్గర షట్టరు సెకనులో ముప్పయ్యో వంతు తెరిచి ఉంటుంది. ఎదుటి మనిషి నిలబడాలని అనుకుంటేనే ఫొటో వస్తుంది. ఆదివాసీ ఒడియానో కువినో తెలిసిన స్థానికుణ్ణి తోడు తీసుకెళ్తే అడగడం సులువవుతుంది. పిల్లలకి ఒక్కసారి నల్లగుడ్డ కిందికి దూరి పాలగాజు మీద తమ ఊరు తలకిందులుగా ఎలా కనబడుతుందో చూసే అవకాశమిస్తే సగం బెరుకు అక్కడే పోతుంది. వద్దంటే మాత్రం కెమెరా మడిచేయాలి. అంతే.

సరంజామాలో ఇంకో చేర్పు ఇక్కడే అవసరమవుతుంది. ఫుజి ఇన్‌స్టాక్స్ వైడ్ అనే అప్పటికప్పుడు కాగితం మీద వచ్చే ఫిల్ముని 4×5 కెమెరా వెనక తగిలించే అమరికలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బరువు కొంత పెరుగుతుంది. అయినా మొదటి ఫొటో దానిమీద తీసి, కెమెరా ముందు నిలబడిన మనిషి చేతిలో పెట్టేయొచ్చు. బరువు తగ్గించుకోవడానికి సంచిలోంచి ఏదో ఒకటి తీసేయాల్సి వస్తే, మూడో లెన్సు తీయొచ్చు. దీన్ని కాదు.

సంచి తూకం

ఇంతకీ అన్నీ కలిపితే ఎంత? చెక్క ఫీల్డు కెమెరా కిలోన్నర. 90, 150, 300 మిల్లీమీటర్ల మూడు లెన్సులు కిలో రెండొందల గ్రాములు. ఆరు హోల్డర్లు మరో కిలో రెండొందలు. స్టాండు, దాని తల కలిపి రెండు కిలోల ఎనిమిదొందలు. నల్లగుడ్డ, లూప్, మీటరు, కేబుల్, ఫిల్టర్లు ఎనిమిదొందల గ్రాములు. సంచి కిలో ఎనిమిదొందలు. వానతొడుగు, లీటరు నీళ్లు కిలో రెండొందలు. మొత్తం పదిన్నర కిలోలు. ఇన్‌స్టాక్స్ అమరిక పెట్టుకుంటే కాస్త ఎక్కువ. 8×10 కెమెరా అయితే సులువుగా రెట్టింపు. అది కారు దిగిన చోటే వాడుకోవడానికి బాగుంటుంది.

మొదటిసారి వెళ్లేవారికి 150 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే చాలు. మన కన్ను చూసినంత మేరకే అది చూస్తుంది. ఆ ఒక్కదానితో అరకు ఒక కాలమంతా తిరిగాక, ఏది అందక ఇబ్బంది పడ్డారో తెలుస్తుంది. సిల్వర్ ఓక్ చెట్లు ఇమడకపోతే 90, వలిసె మడి దూరమైపోతే 300. కొనే వరుసని అరకే చెబుతుంది. దుకాణం కాదు.

మనుషుల ఫొటోలు తీసినవారికి మరో ప్రయాణం కూడా బాకీ ఉంటుంది. 4×5 ఫిల్ముని నేరుగా కాగితం మీద ఆనించి ఎండలో పెట్టినా కాంటాక్టు ప్రింటు వచ్చేస్తుంది. పెద్ద యంత్రాలక్కర్లేదు. వెనక పేరు రాసి, అదే ఊరికి, అదే గడపకి పట్టుకెళ్లి ఇవ్వాలి. ఆ ప్రయాణానికి స్టాండు అక్కర్లేదు, లెన్సులు అక్కర్లేదు. ఒక కవరు చాలు.